భారత అంధుల క్రికెట్ జట్ల పతకాలపైన, మన బాధ్యతలపైన తీర్మానం

సభ: పల్నాడు ప్రాంతపు క్రీడాభిమానులు, వ్యాయామోపాధ్యాయులు, అంధ విద్యార్థులు, వారి తల్లిదండ్రుల ఉమ్మడి సర్వసభ్య సమావేశం
స్థలం: నరసరావుపేట
సందర్భం: లూయీ బ్రెయిలీ జయంతి, జనవరి 4
ప్రతిపాదించినవారు: నరసరావుపేట వ్యాయామోపాధ్యాయుల ప్రతినిధి
బలపరచినవారు: గురజాల, మాచర్ల, సత్తెనపల్లి ప్రతినిధులు

పూర్వరంగం

అ. 2023 ఆగస్టు 18 నుంచి 27 దాకా ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో అంతర్జాతీయ అంధుల క్రీడా సమాఖ్య ప్రపంచ క్రీడలు జరిగాయి. 70కి పైగా దేశాల నుంచి వెయ్యి మందికి మించి క్రీడాకారులు వచ్చారు. 1981లో పారిస్‌లో ఏర్పడిన ఆ సమాఖ్య తన ప్రపంచ క్రీడల్లో క్రికెట్‌కు చోటివ్వడం అదే మొదలు. ఆ తొలి పోటీలోనే భారత మహిళల జట్టు స్వర్ణం, పురుషుల జట్టు రజతం గెలిచాయి.

ఆ. మహిళల ఫైనల్ ఆగస్టు 26న ఎడ్జ్‌బాస్టన్ మైదానంలో జరిగింది. ముందు ఆడిన ఆస్ట్రేలియా 8 వికెట్లకు 114 పరుగులు చేసింది. వాన అడ్డుపడటంతో లక్ష్యం 42 పరుగులకు మారింది. మన అమ్మాయిలు దాన్ని 3.3 ఓవర్లలోనే కొట్టేసి 9 వికెట్ల తేడాతో గెలిచారు. భారత అంధ మహిళల జట్టు అంతర్జాతీయ క్రికెట్‌లో అడుగుపెట్టింది ఆ ఏడాదే. పుట్టిన ఏడాదే ప్రపంచ స్వర్ణం తెచ్చిన జట్టును ఈ సభ ఇంతకుముందు ఏ ఆటలోనూ ఎరగదు.

ఇ. పురుషుల జట్టు ఫైనల్లో పాకిస్థాన్ చేతిలో 8 వికెట్ల తేడాతో ఓడింది. ఈ ఓటమిని తీర్మానంలోంచి తీసేయాలని సభలో ఒక సూచన వచ్చింది. సభ ఒప్పుకోలేదు. ఓటమిని దాచి రజతాన్ని పొగిడితే ఆ రజతానికే చిన్నతనం. ఇదే పాకిస్థాన్ మీద మన జట్టు 2012లో బెంగళూరులో టీ20 ప్రపంచ కప్, 2014లో దక్షిణాఫ్రికాలో వన్డే ప్రపంచ కప్, 2017లో మళ్లీ బెంగళూరులో టీ20 కప్, 2018లో షార్జాలో వన్డే కప్ గెలుచుకుంది. షార్జా ఫైనల్లో పాకిస్థాన్ పెట్టిన 308 పరుగుల లక్ష్యాన్ని చివరిదాకా వెంటాడి, 2 వికెట్ల తేడాతో గట్టెక్కింది. అన్నిసార్లు గెలిచినవాళ్లు ఒకసారి ఓడితే ఆ మాట నిండుగా చెప్పుకోవచ్చు.

ఈ. 2017, 2018 కప్పులు గెలిచినప్పుడు జట్టుకు సారథి ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి. ఆయన పుట్టింది గురజాలలో, చదివింది ఈ నరసరావుపేటలోని లూథరన్ అంధుల పాఠశాలలో. చిన్నతనంలో తలుపు గడియ తగిలి ఎడమ కంటి చూపు పోయింది. పెరిగేకొద్దీ కుడి కంటి చూపూ తగ్గింది. 2022 డిసెంబరు 17న బెంగళూరులో జరిగిన టీ20 ప్రపంచ కప్ ఫైనల్లో బంగ్లాదేశ్ మీద సునీల్ రమేశ్ 136 పరుగులు చేస్తే, సారథిగా అజయ్ కుమార్ రెడ్డి 50 బంతుల్లో 100 పరుగులు చేశారు. జట్టు 2 వికెట్లకు 277 కొట్టి 120 పరుగుల తేడాతో నెగ్గింది. 2023 సంవత్సరానికి కేంద్ర ప్రభుత్వం ఆయనకు అర్జున అవార్డు ప్రకటించింది. 2024 జనవరి 9న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము చేతుల మీదుగా ఆయన దాన్ని అందుకున్నారు. అంధుల క్రికెట్‌కు దక్కిన తొలి అర్జున అది.

ఉ. మహిళల జట్టు బర్మింగ్‌హామ్‌తో ఆగలేదు. 2025 నవంబరు 23న కొలంబోలో, అంధ మహిళల తొలి టీ20 ప్రపంచ కప్ ఫైనల్లో నేపాల్‌ను 7 వికెట్ల తేడాతో ఓడించి కప్పు తెచ్చింది. ఆ జట్టులో అల్లూరి సీతారామరాజు జిల్లా గిరిజన ప్రాంతపు అమ్మాయి పాంగి కరుణ కుమారి ఉంది. మన్యం నుంచి ఒక అమ్మాయి ప్రపంచ కప్పు దాకా వెళ్లగలిగినప్పుడు, అంధుల పాఠశాల ఉన్న పల్నాడు నుంచి రేపు ఎవరు వెళతారన్న ప్రశ్న ఈ సభ తనకు తానే వేసుకుంటున్నది.

ఆట గురించి సభ తెలుసుకున్నది

ఊ. ఈ ఆటను మెచ్చుకోవడానికి ముందు అర్థం చేసుకోవాలని సభ భావించింది. అందుకని తీర్మానం చదవడానికి ముందు అంధ విద్యార్థులు హాలులోనే దాని నియమాలను వివరించారు. వాటి సారాంశాన్ని ఇక్కడ నమోదు చేయడమైనది.

అంధుల క్రికెట్ 1922లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పుట్టింది. ఒక కర్మాగారంలో పనిచేసే అంధ కార్మికులు డబ్బాలో రాళ్లు వేసి, దాన్ని బంతిగా చేసుకుని ఆడుకున్నారు. ప్రపంచ అంధుల క్రికెట్ మండలి 1996లో ఢిల్లీలో ఏర్పడింది. తొలి ప్రపంచ కప్ 1998లో అక్కడే జరిగితే దక్షిణాఫ్రికా గెలిచింది. ఇప్పుడు వాడేది లోపల ఇనుప గుళ్లున్న తెల్లటి గట్టి ప్లాస్టిక్ బంతి. దొర్లుతుంటే గిలక్కాయలా మోగుతుంది.

పదకొండు మందిలో కనీసం నలుగురు పూర్తి అంధులు ఉండాలి. వారిని బి1 అంటారు. ముగ్గురు బి2, నలుగురు బి3. ఈ రెండు వర్గాల వారికి ఎంతో కొంత చూపుంటుంది, బి2 వారికి తక్కువ, బి3 వారికి కాస్త ఎక్కువ. అజయ్ కుమార్ రెడ్డి బి2 ఆటగాడు. బంతిని చేయి కిందుగా విసరాలి. పిచ్ సగం దాటేలోగా అది నేలకు తగలాలి, లేకుంటే నోబాల్. బౌలర్ ‘రెడీ’ అని అడగాలి. బ్యాటర్ ‘యెస్’ అన్నాకే, ‘ప్లే’ అని అరుస్తూ బంతి వదలాలి. పూర్తి అంధ బ్యాటర్ చేసిన ప్రతి పరుగునూ రెండుగా లెక్కిస్తారు. అతని బదులు వికెట్ల మధ్య పరిగెత్తడానికి వేరే మనిషి ఉంటాడు. పూర్తి అంధ ఫీల్డర్ ఒక గెంతు పడిన బంతిని పట్టినా క్యాచే. ఇన్నింగ్స్ ఓవర్లలో కనీసం 40 శాతం బి1 వాళ్లే వేయాలి. అంటే చూపు బొత్తిగా లేనివాణ్ణి పేరుకు జట్టులో పెట్టుకుని పక్కన కూర్చోబెట్టే వీలు ఆ నియమాల్లో లేదు.

పల్నాటి వాళ్లం గనుక ఇక్కడ సభకు ఒక మాట గుర్తొచ్చింది. మాచర్లలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడని మన వీరగాథ చెబుతుంది. అన్ని కులాలవారూ ఒకే చాప మీద కూర్చుని తినడం. ఈ జట్టు కూర్పులోనూ ఆ న్యాయమే కనిపిస్తున్నది. చూపు ఉన్న కొలతను బట్టి విడివిడి జట్లు కట్టకుండా, మూడు రకాలవాళ్లనూ ఒకే జట్టులో ఉంచి, ఒకరి లోటు ఒకరు పూరించుకునేలా నియమాలు రాశారు. చాపకూడు గురించి ప్రసంగాలు చేయడం మనకు బాగా వచ్చు. దాన్ని ఆటలో పెట్టి చూపించినవాళ్లను గుర్తించడానికి ఇంతకాలం పట్టింది.

ఋ. విద్యార్థులు చెప్పిన వాటిలో సభ్యులను అన్నిటికన్నా ఆలోచింపజేసింది ఒకటుంది. బంతి ఆడేంతవరకూ మైదానం నిశ్శబ్దంగా ఉండాలి. బౌలర్ చేతిలోంచి బంతి వదిలిన క్షణం నుంచి బ్యాట్ తగిలేదాకా ఆ గిలక చప్పుడే బ్యాటర్‌కు దారి. ఈల, కేక, డప్పు, సెల్‌ఫోన్, ఏది మోగినా ఆ దారి మూసుకుపోతుంది. మామూలు క్రికెట్‌లో జనం అరుపు ఆటగాడికి బలమంటారు. ఇక్కడ మాత్రం అదే అరుపు బంతిని దాచేస్తుంది.

మనది చప్పుడుతో మెచ్చుకునే నేల. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభ కదిలితే హోరు, బండలాగుడు పందేల్లో ఎడ్లను అదిలించే కేకలు, ఊళ్లోకి పతకం వస్తే బాణసంచా. ఇవన్నీ మన ప్రేమకు గుర్తులే. కానీ మనం చూపే ప్రేమకూ ఆటగాడికి కావలసిన సాయానికీ మధ్య ఎంత దూరం ఉండగలదో ఈ ఒక్క నియమం సభకు తేటతెల్లం చేసింది. పతకం వచ్చాక హోరెత్తించడం మనకు తెలుసు. రాకముందు, నేర్చుకుంటున్నప్పుడు, ఓడుతున్నప్పుడు, ఛార్జీలకు వెతుక్కుంటున్నప్పుడు చెవి పెట్టి వినడమే ఇంకా నేర్చుకోవాలి. ఈ తీర్మానంలో కింద రాసుకున్న అంశాలన్నీ ఈ మాట నుంచే పుట్టాయి.

చట్టం చెప్పేది

ౠ. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 30వ సెక్షన్ వికలాంగులు క్రీడల్లో సమర్థంగా పాల్గొనేలా చూడటం ప్రభుత్వాల బాధ్యత అంటున్నది. 34వ సెక్షన్ ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం రిజర్వేషన్ కల్పిస్తూ, అందులో 1 శాతాన్ని అంధులకు, దృష్టిలోపం ఉన్నవారికి కేటాయించింది. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికకు భారతదేశం 2007లోనే ఆమోదముద్ర వేసింది. దాని 30వ అధికరణం కూడా ఆటల్లో సమాన భాగస్వామ్యం గురించినదే. కాబట్టి ఈ తీర్మానంలో ప్రభుత్వాలను కోరేదేదీ దయాదాక్షిణ్యం కాదు, రాసి ఉన్నదాన్ని చేయమనడమే.

పై విషయాలన్నింటినీ పరిశీలించిన మీదట, ఈ సభ ఈ కింది విధంగా తీర్మానిస్తున్నది.

అభినందన

1. బర్మింగ్‌హామ్‌లో స్వర్ణం, కొలంబోలో ప్రపంచ కప్ గెలిచిన భారత అంధ మహిళల క్రికెట్ జట్టును ఈ సభ హృదయపూర్వకంగా అభినందిస్తున్నది. ఇంట్లో ఆడపిల్లగా ఒక గడప, చూపులేని పిల్లగా మరో గడప, పేదరికంతో ఇంకో గడప దాటితే తప్ప మైదానం చేరలేని అమ్మాయిలు ఎందరో ఉన్నారు. ఆ జట్టు గెలుపు వారందరికీ తెరిచిన తలుపని సభ భావిస్తున్నది.

2. రజతం తెచ్చిన పురుషుల జట్టును అంతే గౌరవంతో అభినందిస్తున్నది. ఫైనల్లో మెరుగ్గా ఆడి గెలిచిన పాకిస్థాన్ జట్టు ఆటను కూడా క్రీడాస్ఫూర్తితో గుర్తిస్తున్నది.

3. గురజాల బిడ్డ ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డికి అర్జున పురస్కారం రావడం పల్నాడుకు గర్వకారణమని నమోదు చేస్తున్నది. ఆయన పేరు చెప్పుకుని పొంగిపోయే హక్కు, ఆయన వెనక వచ్చే పిల్లలకు ఏదైనా చేసినప్పుడే మనకు దక్కుతుందని కూడా నమోదు చేస్తున్నది.

4. జట్ల వెనక ఉండి, ప్రతి క్రీడాకారుడి చేయి పట్టుకుని మైదానం దాకా నడిపించిన శిక్షకులు, పరుగెత్తి పెట్టే రన్నర్లు, పాఠశాలల ఉపాధ్యాయులు, వార్డెన్లు, తల్లిదండ్రులకు కృతజ్ఞత తెలుపుతున్నది. భారత అంధుల క్రికెట్ సంఘం చేస్తున్న కృషిని ప్రశంసిస్తున్నది.

మన వంతు

5. ఇకపై ఈ సభ పక్షాన జరిగే ఏ సన్మానంలోనూ ఫ్లెక్సీలు, శాలువలు, వెండి కిరీటాలు, ఊరేగింపులు ఉండవు. వాటికయ్యే సొమ్ము గిలక బంతులు, బ్యాట్లు, ప్యాడ్లు, కళ్లకు కట్టే నల్ల అద్దాలు, పోటీలకు వెళ్లే పిల్లల ఛార్జీలకు ఖర్చు చేయాలి. ప్రతి రూపాయికీ లెక్కను ఏడాదికోసారి సభ ముందు చదివి వినిపించాలి. బ్రెయిలీలోనూ ఒక ప్రతి ఉండాలి.

6. అంధ విద్యార్థులు పోటీలకు వెళ్లేటప్పుడు ఒంటరిగా పంపరాదు. రైల్లో అంధ ప్రయాణికుడికీ, వెంట వెళ్లే తోడుకూ ఛార్జీలో రాయితీ ఉంది. ఈ సంగతి తెలియక చాలా ఇళ్లలో ప్రయాణమే మానుకుంటున్నారు. ఆ రాయితీ గుర్తింపు కార్డు, వైకల్య ధ్రువపత్రం తెచ్చిపెట్టే పనిని సభ వాలంటీర్లు ఇంటింటికీ వెళ్లి పూర్తి చేయాలి. బాలికలకు మహిళే తోడు వెళ్లాలి.

7. నరసరావుపేట, గురజాల, మాచర్లలో చూపున్న పిల్లలు ఆడే క్రికెట్ మైదానాల్లో వారానికి కనీసం ఒక పూట అంధ విద్యార్థులకు కేటాయించమని పాఠశాలల, కళాశాలల యాజమాన్యాలను కోరుతున్నది. పక్కన ఇంకో ఆట సాగుతుంటే, లౌడ్‌స్పీకర్ మోగుతుంటే ఈ ఆట కుదరదు గనుక ఆ పూట మైదానం వారికే ఉండాలి.

8. ఏటా బ్రెయిలీ జయంతి వారంలో పల్నాడులో అంధుల క్రికెట్ పోటీ నిర్వహించాలి. వర్గాలవారీ కూర్పు, బి1 ఓవర్ల నియమం, రెట్టింపు పరుగుల నియమం అన్నీ అంతర్జాతీయ పద్ధతిలోనే ఉండాలి. దయతో నియమాలు సడలించడం ఆటకు అవమానం. ప్రేక్షకులకు గేటు దగ్గరే ఒక విన్నపం చదివి వినిపించాలి: బంతి ఆడేదాకా మౌనం, ఆడాక ఎంతైనా చప్పట్లు.

9. సభ్యుల్లో చూపున్నవారు కళ్లకు గంతలు కట్టుకుని కనీసం ఒక ఓవర్ ఎదుర్కోవాలి. ఇది వినోదానికి కాదు. ఆ ఓవర్ ఆడినవాళ్లు ఇంకెప్పుడూ ఆటగాళ్లను ‘పాపం’ అనరని విద్యార్థులు చెప్పారు. సభ వారి మాట నమ్ముతున్నది.

కళ్లు కాపాడుకోవడం

10. ఒక విజేతను మెచ్చుకుంటూ, ఆయన చూపు పోవడానికి కారణమైనటువంటి ప్రమాదాలను పట్టించుకోకపోవడం సభకు సరికాదనిపించింది. పిల్లల కళ్లకు ఇంట్లోనే ముప్పులున్నాయి. పిల్లల ముఖం ఎత్తులో ఉండే తలుపు గడియలు, కొక్కేలు, గోడుంబిళ్ల ఆట, ఇంట్లో చేసిన బాణాలు, దీపావళి మందుగుండు. వీటికి తోడు పల్నాడులో మరో రెండు ముప్పులున్నాయి. పిడుగురాళ్ల చుట్టుపక్కల సున్నం ఒకటి, మిర్చి, పత్తి చేలల్లో కొట్టే మందులు రెండోది.

11. సున్నం కంట్లో పడితే అది లోపలికి తింటూ పోతుంది. వెంటనే, అక్కడికక్కడే, ధారగా శుభ్రమైన నీళ్లతో చాలాసేపు కడిగి, రెప్పల కింద రేణువులు మిగలకుండా చూసి, ఆ తర్వాత కళ్ల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. నూనె, ఆకు పసరు, చనుబాలు వేయరాదు. పురుగుమందు చింది పడినా మొదటి పని నీళ్లతో కడగడమే. ఈ నాలుగు వాక్యాలను ప్రతి సున్నపు బట్టీ దగ్గర, పురుగుమందుల దుకాణం దగ్గర, అంగన్‌వాడీలో పెద్ద అక్షరాలతో రాయించమని జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నది. చేలో మందు కొట్టేవారు కళ్లద్దాలు పెట్టుకోవాలనీ, ఆ పనికి పిల్లలను తీసుకెళ్లరాదనీ రైతు సోదరులకు విజ్ఞప్తి చేస్తున్నది.

12. బడిలో చేరిన ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ కంటి పరీక్ష జరగాలి. బోర్డు కనబడక వెనకబడిన పిల్లను మొద్దు అనే అలవాటు పోవాలి. చూపు మందగించిందని తెలిసిన రోజే పిల్లను బడి మాన్పించే తల్లిదండ్రులకు అంధుల పాఠశాలల సంగతి, అక్కడి నుంచి ఎదిగినవారి సంగతి ఉపాధ్యాయులు చెప్పాలి.

ప్రభుత్వాలకు, క్రీడా సంస్థలకు

13. ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచిన రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయాన్ని సభ స్వాగతిస్తున్నది. ఆ కోటాలోనూ, నగదు ప్రోత్సాహకాల్లోనూ అంధుల క్రికెట్ ప్రపంచ కప్, అంధుల ప్రపంచ క్రీడల పతకాలకు స్పష్టమైన పేరుతో చోటుండాలని కోరుతున్నది. జీవో ఉండీ అందులో ఆట పేరు లేకపోతే ఆటగాడు ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే.

14. ఆంధ్ర క్రికెట్ సంఘం తన మైదానాల్లో, శిక్షణ శిబిరాల్లో, ఫిజియోథెరపీ సేవల్లో అంధుల జట్లకు క్రమం తప్పని వాటా ఇవ్వాలని కోరుతున్నది. భారత క్రికెట్ నియంత్రణ మండలి అంధుల క్రికెట్‌ను తన కుటుంబంలో భాగంగా చూసి మ్యాచ్ ఫీజులు, బీమా, ప్రసార హక్కుల విషయంలో ఒక స్థిరమైన విధానం ప్రకటించాలని విజ్ఞప్తి చేస్తున్నది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోకి క్రికెట్ తిరిగి వచ్చింది. పారాలింపిక్స్‌లో మాత్రం అంధుల క్రికెట్‌కు ఇంకా చోటు లేదు. ఆ చోటు కోసం అంతర్జాతీయ వేదికల మీద భారతదేశం గట్టిగా మాట్లాడాలి.

15. మాధ్యమాలకు ఒక విన్నపం. అంధుల మ్యాచ్ వార్తలో ముందు స్కోరు, గెలుపోటములు, ఎవరెలా ఆడారన్నది రాయాలి. తర్వాతే జీవితగాథ. మిగతా జట్ల ఆటను అలాగే రాస్తున్నారు గనుక ఇదేమీ కొత్త కోరిక కాదు.

చర్చ, సవరణలు

16. ముసాయిదాలో ‘అంధులైనప్పటికీ అద్భుతంగా ఆడిన’ అన్న మాట ఉంది. సభలోని ఒక అంధ ఉపాధ్యాయుడు దీనికి సవరణ ప్రతిపాదించారు. స్కోరు పుస్తకంలో పరుగులు రాయడానికి గడి ఉంది, వికెట్లు రాయడానికి గడి ఉంది, ‘అయినప్పటికీ’ అని రాయడానికి గడి లేదని వారు వివరించారు. తీర్మానమంతటా ఆ మాట కొట్టివేయడమైనది. ముసాయిదా రాసినవారు సవరణను స్వయంగా బలపరిచారు.

17. అజయ్ కుమార్ రెడ్డి పేరిట పట్టణంలో విగ్రహం పెట్టాలని ఒక సభ్యుడు సూచించారు. ఆడుతున్న మనిషికి విగ్రహం కన్నా ఆడే పిల్లలకు నెట్ కట్టడం మేలని, ఆ సొమ్ము ప్రాక్టీసు పిచ్‌కు మళ్లించాలని చర్చలో తేలింది. సూచించిన సభ్యుడే మొదటి విరాళం ప్రకటించి తన సూచనను ఉపసంహరించుకున్నారు.

18. ఒక తల్లి తన కూతుర్ని ఆటకు పంపడానికి భయంగా ఉందని చెప్పారు. దెబ్బ తగులుతుందేమోనని మాత్రమే కాదు, ఎక్కడ దిగుతుందో, ఎవరింట్లో పడుకుంటుందో, ఎవరు తోడుంటారో తెలియదని. ఆ భయాన్ని తీర్చే జవాబు సభ దగ్గర అప్పుడు లేదు. అందుకే బాలికలకు మహిళే తోడు వెళ్లాలన్న వాక్యం 6వ అంశంలో చేరింది. బస ఏర్పాట్లు ముందే తల్లిదండ్రులకు రాతపూర్వకంగా చెప్పాలన్న షరతు కూడా ఇందుమూలంగా చేర్చడమైనది.

అమలు

19. ఈ తీర్మానం అమలుకు ఏడుగురితో ఒక సంఘం ఏర్పాటు చేయడమైనది. అందులో కనీసం నలుగురు అంధులు, దృష్టిలోపం ఉన్నవారు ఉండాలి, కనీసం ముగ్గురు మహిళలు ఉండాలి. జట్టు కూర్పులో పాటించే న్యాయాన్నే సంఘం కూర్పులోనూ పాటించడం బాగుంటుందని సభ అభిప్రాయపడింది.

20. సంఘం మూడు నెలలకోసారి సమావేశమై, వచ్చే బ్రెయిలీ జయంతి నాటికి అయిన పనినీ, కాని పనినీ రెండు జాబితాలుగా సభ ముందుంచాలి. కాని పనుల జాబితానే ముందు చదవాలి.

21. తీర్మానం ప్రతులను భారత అంధుల క్రికెట్ సంఘానికి, రాష్ట్ర ప్రభుత్వ క్రీడా శాఖకు, పల్నాడు జిల్లా కలెక్టర్‌కు, ఆంధ్ర క్రికెట్ సంఘానికి, జిల్లాలోని పాఠశాలలకు పంపాలి. అంధ విద్యార్థులకు బ్రెయిలీలోనూ, శబ్దరూపంలోనూ అందజేయాలి.

ఆమోదం

22. సవరణలతో కూడిన తీర్మానాన్ని అధ్యక్షులు ఓటుకు పెట్టారు. చేతులెత్తే పద్ధతి అందరికీ కనబడదు గనుక నోటితో ‘అవును’ అని చెప్పించుకున్నారు. ‘కాదు’ అన్నవారు లేరు. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

23. ఆమోదం తర్వాత జరిగినదాన్ని కూడా నమోదు చేయాలని అధ్యక్షులు ఆదేశించారు. చప్పట్లు కొట్టబోతుంటే వెనక వరుసలోని ఒక విద్యార్థిని చేయెత్తి ఆగమంది. తన దగ్గరున్న బంతిని హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి నేల మీద దొర్లించింది. ఫ్యాన్లు కట్టేశారు. రోడ్డు మీది ఆటో హారన్ కూడా ఎక్కడో దూరంగా వినిపించింది. కుర్చీల కాళ్ల మధ్య నుంచి బంతి గలగలమంటూ సాగుతుంటే అంతమందీ తల వంచి దాని వెంటే చెవులు నడిపారు. ఎదుటి గోడ దగ్గర మోకాళ్ల మీద కూర్చున్న ఆమె స్నేహితురాలు రెండు చేతులతో బంతిని ఆపింది.

చప్పట్లు ఆ తర్వాతే.

అధ్యక్షుల సంతకం
కార్యదర్శి సంతకం